టైమ్‌షేర్ ఓనర్ దగ్గర నేరుగా అద్దెకు తీసుకుంటున్నారా? డబ్బు పంపే ముందు ఇవి చూసుకోండి

సాయంత్రం నాలుగు దాటింది. ఓర్లాండోలో రిసార్ట్ కౌంటర్ ముందు నిలబడ్డాను. నార్త్ కరోలినాలోని ర్యాలీ నుంచి తొమ్మిది గంటలకు పైగా డ్రైవ్ చేసి వచ్చాం. వెనకాల నాన్న సూట్‌కేసు మీద కూర్చున్నారు. అమ్మ రైస్ కుక్కర్ సంచి ఒళ్లో పెట్టుకుని ఉంది. పిల్లలిద్దరూ అద్దాల తలుపులోంచి స్విమ్మింగ్ పూల్ వైపు చూస్తున్నారు. కౌంటర్‌లో అమ్మాయి నా కన్ఫర్మేషన్ నంబర్ రెండుసార్లు కొట్టి చూసి, "మీ పేరు మీద బుకింగ్ ఉండేది. పంతొమ్మిది రోజుల కిందట ఓనరే రద్దు చేశారు" అంది.

"ఏరా, గది ఇవ్వనన్నారా?" అని నాన్న అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు.

నా చేతిలో ఉన్న కాగితం నకిలీది కాదు. రెండు నెలల ముందు నేనే రిసార్ట్‌కి ఫోన్ చేసి, నా పేరు ఉందని చెప్పించుకున్నాకే డబ్బు పంపాను. 1,650 డాలర్లు, జెల్‌లో, అంటే బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకి నేరుగా. ఆ ఓనర్ ర్యాలీలో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పరిచయమయ్యాడు. మాది తెనాలి అంటే అక్కడ వాళ్ల పిన్నిగారి ఇల్లుందన్నాడు. "మనలో మనకి అగ్రిమెంట్లేంటి తమ్ముడూ" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను అడగాల్సినవి అడగడం మానేశాను. ఆ రోజు కౌంటర్ దగ్గర్నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు, రాత్రికి గ్రూపులోంచి కూడా వెళ్లిపోయాడు. బ్యాంకుకి ఫోన్ చేస్తే, మీరే స్వయంగా పంపారు కాబట్టి వెనక్కి తేలేమన్నారు.

టైమ్‌షేర్ అంటే రిసార్ట్‌లో ఏటా కొన్ని రోజులు ఉండే హక్కు కొనుక్కోవడం. ఆ హక్కున్న ఓనర్లు తమ రోజుల్ని అద్దెకిస్తారు. ఈ అద్దెలో చాలామందికి తట్టని సంగతి ఇదే. గెస్ట్‌గా మీ పేరు రాయించినా, బుకింగ్ మాత్రం ఓనర్ ఖాతాలోనే ఉంటుంది. మీరు చెక్-ఇన్ అయ్యేదాకా ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు రద్దు చేయగలరు. కాబట్టి ఒక్కసారి సరిచూసుకుంటే చాలదు. డబ్బు కూడా దీన్ని దృష్టిలో పెట్టుకునే పంపాలి. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే ఉంటాయి.

ఆ తర్వాత కూడా నేను ఓనర్ల దగ్గర అద్దెకు తీసుకోవడం మానలేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఆరుగురం అవుతాం. హోటల్‌లో రెండు గదులు తీసుకున్నా వంటిల్లు ఉండదు. అదే టూ-బెడ్‌రూమ్ టైమ్‌షేర్ అయితే స్టవ్, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ అన్నీ ఉంటాయి. పొద్దున్నే ఉప్మా తిని బయల్దేరొచ్చు. సరిగ్గా తీసుకుంటే వారం మొత్తానికి అయ్యే ఖర్చు కూడా హోటల్ కంటే బాగా తక్కువ. అందుకే ఈ దారి వదులుకోవద్దనీ, జాగ్రత్తగా నడవమనీ చెప్పడానికి ఇది రాస్తున్నాను.

మొదటి అడుగు: ఓనర్ దగ్గర ఉన్నది ఏ రకమో అడగండి

టైమ్‌షేర్ అంటే అందరూ ఒకటే అనుకుంటారు. ఓనర్ దగ్గర ఏటా ఒకే వారం, ఒకే గది ఉండొచ్చు. వారం మారుతూ ఉండొచ్చు. లేదా గదీ తేదీలూ ఎంచుకుని బుక్ చేసుకోవడానికి ఏటా వచ్చే పాయింట్లు ఉండొచ్చు. మారియట్, హిల్టన్, విండమ్, డిస్నీ వెకేషన్ క్లబ్ లాంటి పెద్ద కంపెనీల్లో ఇప్పుడు ఎక్కువగా నడిచేది పాయింట్లే. ఒకే ఫిక్స్‌డ్ వారం ఉన్న ఓనర్ అయితే అన్నిటికంటే నిశ్చింత. ఆ వారం ఏటా ఆయనదే. పాయింట్లయితే ఆయన ముందు బుక్ చేయాలి, ఆ తర్వాత దాన్ని మార్చనూ వచ్చు, రద్దు చేయనూ వచ్చు.

ఇంకో రకం ఉంది, దానికి మాత్రం దూరంగా ఉండండి. ఓనర్లు తమ వారాన్ని ఆర్‌సీఐ, ఇంటర్వల్ ఇంటర్నేషనల్ లాంటి ఎక్స్‌చేంజ్ కంపెనీలకిచ్చి, బదులుగా వేరే రిసార్ట్‌లో వారం తీసుకుంటారు. అలా వచ్చిన వారాన్ని స్నేహితులకి, బంధువులకి గెస్ట్ సర్టిఫికెట్ మీద ఇవ్వొచ్చు కానీ అద్దెకివ్వడానికి ఆ కంపెనీల నిబంధనలు ఒప్పుకోవు. తెలిస్తే బుకింగ్ రద్దు చేసేస్తారు. అప్పుడు ఓనర్ మంచివాడైనా నష్టపోయేది మీరే. అందుకే మొదటి ఫోన్‌లోనే అడగండి: "ఇది మీ సొంత వారమా, మీ సొంత పాయింట్లతో బుక్ చేశారా, లేక ఎక్స్‌చేంజ్‌లో వచ్చిందా?" సూటిగా చెప్పకుండా నసిగితే అక్కడితో వదిలేయండి.

డిస్నీ వెకేషన్ క్లబ్ గురించి ఒక మాట, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా అడిగేది అదే. అక్కడ ఓనర్లు తమ సొంత రిసార్ట్‌లో 11 నెలల ముందు నుంచీ, మిగతా డిస్నీ రిసార్టుల్లో 7 నెలల ముందు నుంచీ బుక్ చేయొచ్చు. క్రిస్మస్ వారానికి, థాంక్స్‌గివింగ్‌కి కావాలంటే దాదాపు ఏడాది ముందే ఓనర్‌ని వెతుక్కోవాలి. అలాంటి వారానికి గది కావాలని మూడు వారాల ముందు అడిగితే, "ఉంది, చాలా చవగ్గా ఇస్తాను" అని వెంటనే జవాబిచ్చేవాళ్ల దగ్గర జాగ్రత్త.

రెండో అడుగు: ధర లెక్కేయండి

ప్రతి ఓనర్ ఏటా మెయింటెనెన్స్ ఫీజు కట్టాలి. అద్దెకిచ్చేవాళ్లలో చాలామంది కనీసం ఆ ఫీజైనా తిరిగి రావాలనే ఇస్తారు. కాబట్టి అదే రిసార్ట్, అదే సీజన్, అదే సైజు గదికి ఇతర ఓనర్లు ఎంత అడుగుతున్నారో ఒక పది ప్రకటనలు చూడండి. రెడ్‌వీక్, టగ్ లాంటి ఓనర్ల సైట్లలో ఇది తేలిగ్గా తెలుస్తుంది. అందరూ 1,500 డాలర్లు అడుగుతుంటే ఒక్కరే 600 అంటున్నారంటే ఏదో తేడా ఉందన్నమాట. ప్రయాణానికి నెలా రెండు నెలలు మాత్రమే మిగిలితే నిజమైన ఓనర్లు కూడా ధర తగ్గిస్తారు, అది మామూలే. పండగ వారానికి ఏడాది ముందే సగం ధర అనడం మాత్రం మామూలు కాదు.

అద్దె కాక ఇంకేం కట్టాలో కూడా అడగండి. పార్కింగ్, రిసార్ట్ ఫీజు, టాక్సులు కొన్నిచోట్ల విడిగా ఉంటాయి. కౌంటర్ దగ్గర డిపాజిట్ కింద క్రెడిట్ కార్డు మీద కొంత హోల్డ్ చేస్తారు.

గది వివరాలు కూడా గట్టిగా అడగాలి. "టూ-బెడ్‌రూమ్" అంటే కొన్నిచోట్ల లాక్-ఆఫ్, అంటే ఒక వన్-బెడ్‌రూమ్‌నీ పక్కనే ఉన్న స్టూడియోనీ తలుపుతో కలిపింది. ఆ స్టూడియోలో పూర్తి వంటిల్లు ఉండకపోవచ్చు. ఎనిమిది మంది పడతారంటే చాలాచోట్ల అందులో ఇద్దరు హాల్లో సోఫా-బెడ్ మీద పడుకోవాలని అర్థం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తుంటే ఇది చిన్న విషయం కాదు.

మూడో అడుగు: ఓనర్ నిజంగా ఓనరేనా?

ఇది చేసేవాళ్లు చాలా తక్కువ, కానీ పది నిమిషాల పని. అమెరికాలో చాలా టైమ్‌షేర్లకి డీడ్ ఉంటుంది, మన దగ్గర ఇంటి స్థలం రిజిస్ట్రేషన్ లాగే. ఆ రికార్డులు కౌంటీ ఆఫీసులో ఉంటాయి, చాలా కౌంటీల్లో ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. ఓర్లాండో ప్రాంతంలో చాలా రిసార్టులు ఆరెంజ్ కౌంటీలో ఉన్నాయి. ఆ కౌంటీ కంప్‌ట్రోలర్ వెబ్‌సైట్‌లో అఫీషియల్ రికార్డ్స్ అనే చోట ఓనర్ పేరు కొడితే చాలు. కిసిమ్మీ వైపు అయితే ఆసియోలా కౌంటీ, లాస్ వేగస్ అయితే క్లార్క్ కౌంటీ రికార్డర్ ఆఫీసు.

ఆ తర్వాతి ఏడాది ఒక ఓనర్ దగ్గర తీసుకునే ముందు నేనిలాగే వెతికాను. ఆవిడ పేరు మీద డీడ్ కనిపించింది. రిసార్ట్ పేరూ సరిపోయింది. దాంతో పాటు ఇంకేదైనా కాగితం ఉందా అని కిందికి చూశాను. ఎందుకంటే మెయింటెనెన్స్ ఫీజు కట్టకపోతే ఓనర్స్ అసోసియేషన్ వాళ్లు అక్కడే లియన్, అంటే బాకీ ఉందని ఆ ఆస్తి మీద హక్కు, నమోదు చేస్తారు. అది కనిపిస్తే ఆగిపోవాలి. ఫీజు బాకీ ఉన్న ఓనర్ బుకింగ్‌ని రిసార్ట్ అడ్డుకోవచ్చు, ఆయన గెస్టులుగా వచ్చిన మీకూ తాళం ఇవ్వరు. ఆవిడ రికార్డులో అలాంటిదేమీ లేదు. అప్పుడు మనసు కుదుటపడింది.

కొన్ని పాయింట్ల క్లబ్బుల్లో ఓనర్ పేరు మీద విడిగా డీడ్ కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు ఓనర్‌నే వీడియో కాల్‌లో తన క్లబ్ ఖాతా తెరిచి చూపించమనండి. స్క్రీన్‌షాట్ పంపుతానంటే ఒప్పుకోకండి, దాన్ని మార్చడం ఎవరికైనా వచ్చు. లాగిన్ అవుతున్నప్పటి నుంచీ మీ కళ్ల ముందే జరగాలి. నిజమైన ఓనర్లు దీనికి బాధపడరు, ఒకరిద్దరు నన్ను మెచ్చుకున్నారు కూడా.

మనవాళ్లే కదా అనే మాట దగ్గర మాత్రం నా మాట వినండి. తెలుగు పేరు, తెలుగు మాట, మన ఊరి పేరు, ఇవేవీ రుజువులు కావు. తెలుగు గ్రూపులో పెట్టిన ప్రకటనైనా సరే, అదే లెక్క, అవే ప్రశ్నలు. నిజంగా మనవాడైతే, "అన్నా, ఏమనుకోకు, నేనొకసారి మోసపోయాను" అంటే అర్థం చేసుకుంటాడు.

నాలుగో అడుగు: రిసార్ట్‌కి మీరే ఫోన్ చేయండి

ముందు ఓనర్ మీ పేరును గెస్ట్‌గా చేర్చి కన్ఫర్మేషన్ పంపాలి. పేరు విషయంలో మనకి ఒక ఇబ్బంది ఉంది. ఇంటిపేరు ముందా వెనకా, ఇనీషియలా పూర్తి పేరా అనే గందరగోళం. కౌంటర్ దగ్గర నిలబడేది ఎవరో, వాళ్ల డ్రైవింగ్ లైసెన్స్ మీద పేరు ఎలా ఉందో అలాగే రాయించండి. ఆ మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు కూడా ఉండాలి. అమ్మానాన్నలు ముందే చేరుకుని, మీరు మర్నాడు వచ్చేటట్టయితే ఇంకా జాగ్రత్త పడాలి. వాళ్ల పేర్లు కూడా బుకింగ్‌లో ఉండాలి, వాళ్ల కార్డు రిసార్ట్‌కి సరిపోతుందో లేదో ముందే అడగాలి.

కన్ఫర్మేషన్ వచ్చాక రిసార్ట్ ఫోన్ నంబర్ మీరే రిసార్ట్ సొంత వెబ్‌సైట్‌లో వెతికి తీసుకోండి. ఓనర్ ఇచ్చిన నంబర్‌కి చేయొద్దు, కాగితం మీదున్న నంబర్‌కీ చేయొద్దు. ఆ నంబర్ ఎత్తేది ఆయన మనిషే కావచ్చు. ఫోన్‌లో అడగాల్సినవి: నా పేరు మీద బుకింగ్ ఉందా, ఏ తేదీల్లో, ఏ రకం గది, ఎంతమందికి, ఇప్పుడు అది యాక్టివ్‌గానే ఉందా. రిసార్ట్ వాళ్లు ఓనర్ వివరాలు చెప్పరు, అడిగినా లాభం లేదు. మీ పేరు, మీ కన్ఫర్మేషన్ నంబర్ చెప్తే మాత్రం మీ బుకింగ్ సంగతి చెప్తారు. గెస్ట్‌తో మాట్లాడటానికే ఒప్పుకోకపోతే, ఓనర్‌ని కూడా కలిపి ముగ్గురూ ఒకేసారి మాట్లాడేలా కాల్ పెట్టమనండి.

డిస్నీ అయితే ఇంకా తేలిక. కన్ఫర్మేషన్ నంబర్‌ని మీ సొంత మై డిస్నీ ఖాతాకి కలుపుకోవచ్చు. అందులో బుకింగ్ కనిపిస్తున్నంత కాలం అది ఉన్నట్టే.

ఐదో అడుగు: అగ్రిమెంట్

రెండు పేజీలు చాలు, లాయర్ అక్కర్లేదు. ఇద్దరి పూర్తి పేర్లు, అడ్రసులు, రిసార్ట్, గది రకం, వ్యూ, తేదీలు, మొత్తం డబ్బు, ఎప్పుడెప్పుడు ఎంత కట్టాలో రాసుకోండి. ఏ కారణంగానైనా ఓనర్ వైపు నుంచి బుకింగ్ రద్దయితే ఇన్ని రోజుల్లో మొత్తం వెనక్కిస్తానని ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. మీరే రద్దు చేసుకుంటే ఏమవుతుందో కూడా రాయించండి. ఫ్లోరిడాలో హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా ఉంటుంది. ఆ నెలల్లో వెళ్తుంటే తుఫాను వస్తే డబ్బు సంగతేంటో కూడా ముందే మాట్లాడుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవడం మంచిదే కానీ, అది జబ్బుకో తుఫానుకో పనికొస్తుంది గానీ ఓనర్ మోసం చేస్తే ఇస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

ఆరో అడుగు: డబ్బు ఎలా పంపాలి

ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను పోగొట్టుకున్నది ఇక్కడే.

జెల్, వైర్ ట్రాన్స్‌ఫర్, వెస్టర్న్ యూనియన్, గిఫ్ట్ కార్డులు, క్రిప్టో, వీటిలో దేనితోనూ కట్టొద్దు. ఇవి చేతిలో నోట్లు పెట్టినట్టే. పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపినా అంతే. "గూడ్స్ అండ్ సర్వీసెస్ అయితే నాకు కమిషన్ పడుతుంది, ఫ్రెండ్స్ కింద పంపండి" అని ఓనర్ అడిగితే, ఆ కమిషన్ మీరే ఇస్తాననండి. 1,500 డాలర్ల మీద ఆ కాస్త కమిషన్ మీ రక్షణకి కడుతున్న ఖరీదు.

అన్నిటికంటే మంచిది, చెక్-ఇన్ అయ్యేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఉండటం. దీన్నే ఎస్క్రో అంటారు. రెడ్‌వీక్‌లో ఆన్‌లైన్ బుకింగ్ ఉన్న ప్రకటనలకి ఈ పద్ధతి ఉంది. డిస్నీ పాయింట్లు అద్దెకిప్పించే ఏజెన్సీల్లో కూడా ఓనర్‌కి కొంత ముందు ఇచ్చి, మిగతాది మీరు చెక్-ఇన్ అయ్యాకే ఇచ్చే పద్ధతి ఉంటుంది. కొంచెం ఎక్కువైనా మొదటిసారి తీసుకునేవాళ్లకి నేను ఇదే చెప్తాను. ఇక్కడ ఒక హెచ్చరిక. "మనం ఎస్క్రో ద్వారా చేద్దాం" అని ఓనరే ఒక లింకు పంపితే ఆ సైటు నమ్మొద్దు. నకిలీ ఎస్క్రో సైట్లు పెట్టడం పాత మోసం. మధ్యవర్తిని మీరే ఎంచుకోవాలి.

మధ్యవర్తి లేకపోతే క్రెడిట్ కార్డు. డెబిట్ కార్డు వద్దు. క్రెడిట్ కార్డు మీద బిల్లింగ్ తప్పులకి చట్టం మీకు 60 రోజుల గడువు ఇస్తుంది. డబ్బు కట్టిన సేవ అందకపోతే కార్డు కంపెనీల సొంత నిబంధనలు మామూలుగా ఆ సేవ అందాల్సిన తేదీ నుంచి లెక్కేస్తాయి. పేపాల్ అలా కాదు. అక్కడ ఫిర్యాదుకి గడువు డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజులు. ఇది చాలామందికి తెలియదు. మీరు క్రిస్మస్ కోసం ఫిబ్రవరిలోనే పేపాల్‌లో మొత్తం కట్టేస్తే, ఓర్లాండోలో కౌంటర్ ముందు నిలబడే రోజుకి ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అందుకే పేపాల్ అయితే క్రెడిట్ కార్డు జోడించి కట్టండి. మొత్తం ఒకేసారి కట్టకుండా ముందు కొంత, మిగతాది ప్రయాణానికి దగ్గర్లో కట్టేలా మాట్లాడుకోండి.

తొందరపెట్టేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. "ఇంకో ఫ్యామిలీ అడుగుతోంది, ఈ రాత్రికి పంపకపోతే వాళ్లకిచ్చేస్తా" అంటే ఇచ్చేయమనండి. ఆ టెన్షన్‌లో పంపిన డబ్బే తిరిగిరాదు.

ఏడో అడుగు: డబ్బు పంపాక మర్చిపోవద్దు

ఆ రోజు నేను చేయనిది ఇదే. ఒకసారి ఫోన్ చేసి, ఉందన్నారని రెండు నెలలు నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడు ఫోన్‌లో రిమైండర్లు పెట్టుకుంటాను. మిగతా డబ్బు కట్టే ముందు రోజు ఒకసారి, నెల రోజుల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, బయల్దేరే ముందు రోజు పొద్దున ఒకసారి రిసార్ట్‌కి ఫోన్ చేస్తాను. ప్రతిసారీ ఎవరితో మాట్లాడానో, ఏ రోజో రాసుకుంటాను. అప్పట్లో వారం ముందైనా ఫోన్ చేసి ఉంటే, అమ్మానాన్నల్ని ఆ రాత్రి కారులో కూర్చోబెట్టి హోటళ్ల చుట్టూ తిప్పే పని తప్పేది.

మోసం లేకపోయినా ఈ ఫోన్లు పనికొస్తాయి. ఒకసారి నా పేరులో ఒక అక్షరం తప్పు పడిందని అలాగే తెలిసింది. ఓనర్ ఐదు నిమిషాల్లో సరిచేశారు.

చెక్-ఇన్ రోజు

కన్ఫర్మేషన్, అగ్రిమెంట్, ఓనర్ ఫోన్ నంబర్ కాగితం మీద ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. ఆ రోజు ఫోన్‌లో అందుబాటులో ఉండమని ఓనర్‌కి ముందే చెప్పండి. గదిలోకి వెళ్లగానే ఒకసారి వీడియో తీయండి, ముందే ఉన్న మరకలూ విరిగినవీ అందులో పడాలి. పాడుచేశారని తర్వాత బిల్లొస్తే అది పనికొస్తుంది.

కౌంటర్ పక్కనే ఇంకో డెస్క్ ఉంటుంది. పార్కింగ్ పాస్ అక్కడ తీసుకోమంటారు, తీసుకోబోతే రేపు పొద్దున 90 నిమిషాల టిఫిన్‌కి రమ్మని, గిఫ్ట్ కార్డు ఇస్తామని పిలుస్తారు. అది మీకు టైమ్‌షేర్ అమ్మడానికి పెట్టే మీటింగ్. అద్దెకొచ్చినవాళ్లు వెళ్లాల్సిన అవసరం అస్సలు లేదు. ముఖ్యంగా అమ్మానాన్నలకి ముందే చెప్పి ఉంచండి, మనిషి నవ్వుతూ పిలిస్తే కాదనడం వాళ్లకి కష్టం. పొరపాటున ఎవరైనా కొంటామని సంతకం పెట్టి వస్తే, ఫ్లోరిడాలో రద్దు చేసుకోవడానికి 10 రోజులు, లాస్ వేగస్ ఉన్న నెవాడాలో 5 రోజులు ఉంటాయి. కాంట్రాక్టులో చెప్పిన అడ్రసుకి ఆ గడువులోపే రాతపూర్వకంగా పంపాలి.

అయినా మోసపోతే

ముందుగా, గంటలోపే కార్డు కంపెనీకి, బ్యాంకుకి ఫోన్ చేయండి. రిసార్ట్ మేనేజర్‌ని అడిగి, మీ బుకింగ్ ఏ తేదీన రద్దయిందో రాతపూర్వకంగా ఈమెయిల్ చేయించుకోండి. డబ్బు వెనక్కి ఇప్పించమని కార్డు కంపెనీకి పెట్టే డిస్ప్యూట్‌లో గెలిపించేది అదే కాగితం. నేను ఆ రోజు అది అడగలేదు. ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) వారి రిపోర్ట్‌ఫ్రాడ్ వెబ్‌సైట్‌లో, ఇంటర్నెట్ మోసాల ఫిర్యాదులు తీసుకునే ఎఫ్‌బీఐ వారి ఐసీ3 వెబ్‌సైట్‌లో, రిసార్ట్ ఉన్న రాష్ట్రం అటార్నీ జనరల్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టండి. ఎక్కడ ప్రకటన చూశారో ఆ సైటుకీ, ఆ గ్రూపు అడ్మిన్‌కీ చెప్పండి. ప్రకటన, చాట్‌లు, డబ్బు పంపిన రసీదు అన్నీ వాళ్లు తీసేసేలోపే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. కొన్నాళ్లకి ఎవరో ఫోన్ చేసి, "మీ డబ్బు రికవరీ చేసిపెడతాం, ముందు ఫీజు కట్టండి" అంటారు. అది రెండో మోసం, ఫోన్ పెట్టేయండి.

ఇంటికొచ్చాక నేను మా గ్రూపులో జరిగింది ఉన్నదున్నట్టు రాశాను. రాయడానికి రెండు వారాలు సిగ్గుపడ్డాను. రాసిన గంటకి ఇంకో ఇంటివాళ్లు ఫోన్ చేశారు. అదే మనిషికి మార్చిలో వెళ్లడానికి మర్నాడు డబ్బు పంపబోతున్నారట.